గుల్ల విడవని రొయ్యలు

పాయదిబ్బలో గంగాదేవి నోటికి జడవని మనిషి లేడు. బందరు చేపల బజార్లో ఆవిడ గంప దించిందంటే బేరం ఆడడానికి ప్లీడర్లు కూడా వెనకాడేవాళ్ళు. అటువంటి గంగాదేవి పది రోజులుగా గొంతు తగ్గించి మాట్లాడుతోంది, నడిస్తే చప్పుడు కానివ్వడం లేదు. ఎందుకంటే రొయ్య పిల్లలు బెదురుతాయట! ఊహ తెలిసిన దగ్గర్నుంచీ రొయ్యల తలకాయలు తుంచిన చేతులవి. ఇప్పుడు ఆ చేతులతోనే నూట ముప్ఫై రొయ్య పిల్లల్ని బతికించే పని నెత్తిన వేసుకుంది. ఊళ్ళోవాళ్ళు నవ్వరా మరి? కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వినా, తమ అందరి బతుకూ ఆ నూట ముప్ఫై మీదే ఆధారపడి ఉందని వాళ్ళకి తెలుసు.

సంగతేమిటంటే, మూడేళ్ళ కిందట గుడివాడ దారిలో ఒక అట్టల మిల్లు వెలిసింది. వరిగడ్డిని సున్నం వేసి ఉడకబెట్టి, మెత్తగా చేసి అట్టలు వత్తుతారు. ఉడికించిన నీళ్ళని మురుగు కాలువలోకి వదిలేస్తారు. ఆ కాలువ పల్లం వెతుక్కుంటూ వచ్చి వచ్చి, బందరుకి ఉత్తరాన పాయదిబ్బ ముందున్న సముద్రపు పాయలో కలుస్తుంది. మొదటి ఏడు ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడు పాయలో రొయ్య సగానికి పడిపోయింది. మూడో ఏడు వల లాగితే రొయ్యల కంటే గడ్డి పిప్పి ఎక్కువ వచ్చింది. ఇప్పుడు, అంటే పందొమ్మిది వందల అరవై మూడు వేసవిలో, మిల్లువాళ్ళు ఇంకో బాయిలరు పెడతాం, ఇంతకు ఇంత నీళ్ళు వదులుకోనివ్వమని దరఖాస్తు పెట్టుకున్నారు. పాయదిబ్బవాళ్ళు వద్దు మొర్రో అని అర్జీ పెట్టారు. అర్జీలో మొదటి వేలిముద్ర గంగాదేవిది.

ఆర్డీవో గారు రెండు కాగితాలూ చదివారు. "మిల్లు నీళ్ళు చంపుతున్నాయని మీరంటారు. లేదని వాళ్ళంటారు. ఉత్త మాటలు నాకొద్దు, రుజువు తెండి. మే ఇరవై అయిదు, శనివారం మధ్యాహ్నం తేల్చేస్తాను" అన్నారు.

రుజువంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? గంగాదేవి చచ్చిన రొయ్యల్ని గంపకెత్తుకుని ఆఫీసుకే పోయింది. గుమస్తా ముక్కు మూసుకుని, "ఇవి ఎందుకు చచ్చాయో వీటి మొహాన రాసుందా?" అని గెంటినంత పని చేశాడు. అప్పుడు అక్కడే ఏదో సంతకం కోసం నిలబడి ఉన్న సోమేశ్వరరావు ఆవిణ్ణి చూశాడు.

సోమేశ్వరరావు బందరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరరు. సన్నగా, పొడుగ్గా, గొడుగు ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టు కనబడే మనిషి. మురుగు నీళ్ళు మంచివో చెడ్డవో బతికున్న జలచరాల చేత చెప్పించే పద్ధతి ఒకటుందని మద్రాసు నుంచి తెప్పించుకున్న పుస్తకంలో చదివి, ఎప్పుడు చేసి చూద్దామా అని ఉబలాటపడుతున్నాడు. కాలేజీకి సెలవులు కావడంతో పెట్టే బేడా సర్దుకుని పాయదిబ్బ బడిలో దిగాడు.

"నీళ్ళలో ఏది ఎంతుందో సీసాల్లో రంగులు మార్చి మిల్లు కెమిస్టు కూడా చెప్పగలడమ్మా. ఆ నీళ్ళు ప్రాణం తీస్తాయా, తియ్యవా అన్న ముక్క మాత్రం ప్రాణమున్నదే చెప్పాలి" అన్నాడు.

"రొయ్యలు చెప్తయ్యాండీ?" అంది గంగాదేవి.

"చెప్తాయి. మనం సరిగ్గా అడగాలి, అంతే."

ఆ అడగడానికి ఆయన పెట్టిన మడీ ఆచారం అంతా ఇంతా కాదు. పరీక్షకి అయిదు గాజు జాడీలు కావాలి. బందరులో మిఠాయి కొట్టు నుంచి తెచ్చాడు. వాటి నెయ్యి జిడ్డు పోయేదాకా బూడిదతో తోమించాడు, సబ్బు మాత్రం తగలనివ్వలేదు. రొయ్య పిల్లలన్నీ ఒకే ఈడువి, ఒకే పోటులో పట్టినవి కావాలన్నాడు. పట్టగానే పరీక్షకి పనికిరావు, పది రోజులు తొట్టిలో స్థిమితపడాలన్నాడు. ఒక జాడీలో ఉత్త పాయ నీళ్ళు, అదీ పోటు మీద సముద్రం నుంచి వచ్చిన శుభ్రమైన నీళ్ళు. మిగతా నాలుగింట్లో మిల్లు నీళ్ళు: ఒకదాంట్లో పదో వంతు, ఒకదాంట్లో పావు, ఒకదాంట్లో సగం, ఒకదాంట్లో మొత్తం అవే. జాడీకి పది రొయ్యలు. తొంభై ఆరు గంటలు, అంటే నాలుగు రోజులు చూడాలి.

"ఉత్త పాయ నీళ్ళున్న ఈ మంచినీళ్ళ జాడీలో ఒకటి కంటే ఎక్కువ చచ్చాయనుకో, పరీక్షే చెల్లదు" అన్నాడు.

"మంచి నీళ్ళలో ఎందుకు చస్తయ్యండీ?"

"మన తప్పు వల్ల. అందుకే ఆ జాడీ. అది మన మీద కాపలా అన్నమాట."

ఈ మాట గంగాదేవికి నచ్చింది. తన మీద కాపలా పెట్టుకునే మగవాణ్ణి ఆవిడ అంతకుముందు చూడలేదు.

మూడో రోజు పొద్దున్న ఆయన పెట్టెలోంచి మైక్రోస్కోపు తీసి, బడి గుమ్మంలో ఎండ పడేచోట పెట్టాడు. ఒక రొయ్య పిల్లని నీటి చుక్కతో సహా గాజుపలక మీద వేసి, కింది అద్దాన్ని ఎండకి తిప్పి, "చూడమ్మా" అన్నాడు.

గంగాదేవి ఒక కన్ను మూసుకుని వంగింది. మొదట ఉత్త వెలుగు. తర్వాత ఆ వెలుగులో రొయ్య. అందులో దాపరికమన్నది లేదు, లోపలిదంతా బయటికి కనబడుతోంది. తిన్న నాచు పచ్చటి దారంలా పొట్టలోంచి తోకదాకా సాగి ఉంది. తలకి వెనకగా, వీపు కింద ఏదో కొట్టుకుంటోంది. ఆగడం లేదు, అలిసిపోవడం లేదు.

"లోపలేందో పురుగు ఎగురుతుందండీ."

"పురుగు కాదమ్మా, దాని గుండె."

గంగాదేవి కన్ను తియ్యలేదు. "రొయ్యకి గుండె ఉంటదాండీ?"

"మనకున్నట్టే."

"తలకాయలోనా?"

"తలకాయ పెంకు ఉంది చూడు, దాని కిందనే."

అంటే తను తలకాయ తుంచినప్పుడల్లా గుండె కూడా తుంచుతోందన్నమాట. గంగాదేవికి ఒళ్ళు జలదరించింది. అది జాలి కాదు; రేపు మళ్ళీ తుంచక తప్పదు, తుంచుతుంది. ఇన్నేళ్ళూ తన వేళ్ళ సందుల్లోంచి ఎన్ని లక్షల గుండెలు పోయాయో, ఒక్కదాన్నీ తను చూడలేదే అని ఆవిడకి అంతులేని ఆశ్చర్యం కలిగింది. పోటు వచ్చినప్పుడల్లా పాయ నిండా ఇన్ని గుండెలు కొట్టుకుంటూ తన గుమ్మం ముందు నుంచే పోతున్నాయా? ఒక్కటైనా చప్పుడు చెయ్యకుండా? ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది. ఎవరికి దణ్ణం పెట్టిందో ఆవిడకీ తెలియదు. సోమేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకుంటూ పక్కకి తిరిగాడు. మొదటిసారి చూసినప్పుడు తనకీ అలాగే అనిపించిందని తర్వాత చెప్పాడు.

ఆ రోజు నుంచీ ఆవిడ తొట్టి దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. పూటకి రెండుసార్లు నీళ్ళు మార్చింది. మడచెట్ల వేళ్ళకి పట్టిన నాచు గీకి తెచ్చి మేత పెట్టింది. పది రోజుల్లో చచ్చినవి నాలుగే.

సోమవారం పొద్దున్నే మిల్లు కెమిస్టు గోవర్ధనరావు నాలుగు రేకు డబ్బాల నిండా మిల్లు నీళ్ళు జీపులో వేసుకుని వచ్చాడు. పరీక్ష తన కళ్ళెదుట జరగాలన్నది మిల్లువాళ్ళ షరతు. అతను చెడ్డవాడేమీ కాదు. తన లెక్క మీద తనకి గట్టి నమ్మకం ఉన్నవాడు.

"కాలువలో కలిసి పాయకి చేరేసరికి మా నీళ్ళు పదో వంతుకి మించి ఉండవండీ. మీరు కూడా కొలిచారుగా?" అన్నాడు.

"కొలిచాను, నిజమే" అన్నాడు సోమేశ్వరరావు. "కాబట్టి పదో వంతు జాడీయే మనకి ముఖ్యం. అందులో రొయ్యలు చస్తే మిల్లుది తప్పు. బతికితే వీళ్ళ అర్జీ తప్పు."

గుమ్మం బయట మూగిన జనం ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చేరవేసుకున్నారు. పదో వంతు జాడీ, పదో వంతు జాడీ.

రేకు డబ్బాలో ఉంచితే రేకు గుణం నీళ్ళకి పడుతుందని సోమేశ్వరరావు పెద్ద మట్టి బాన ఒకటి అడిగాడు. గంగాదేవి రొయ్యలు లెక్కపెట్టడంలో ఉండి, తల ఎత్తకుండానే, "అత్తా, బాన ఒకటి పట్రా" అని కేకేసింది. అత్తగారు రావమ్మకి చూపు అంతంతమాత్రం. ఇంటి వెనక బోర్లించి ఉన్న బానని తడిమి, చంకన పెట్టుకుని తెచ్చింది. మిల్లు నీళ్ళు అందులో పోశారు. అందులోంచి ముంచి నాలుగు జాడీల్లోకి కొలిచారు. తొమ్మిది గంటలకి రొయ్యల్ని వదిలారు.

పది దాటకుండానే మొత్తం మిల్లు నీళ్ళున్న జాడీలో రొయ్యలు తిరగబడ్డాయి. కాసేపటికి సగం జాడీ, దాని వెనకే పావు జాడీ. మిట్టమధ్యాహ్నానికి పదో వంతు జాడీలో పదికి పది చచ్చాయి. మంచినీళ్ళ జాడీలో పదికి పది హాయిగా తిరుగుతున్నాయి.

జనం ఒక్క కేక పెట్టారు. ఈలలు, తప్పట్లు. ఎవడో వలతాళ్ళ కర్ర మీద కొట్టి దరువు అందుకున్నాడు. గోవర్ధనరావు మొహం పాలిపోయింది. సోమేశ్వరరావు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, "మూడు గంటల్లో, పదో వంతుకే!" అని తనలో తను అనుకుంటున్నాడు. ఆయన గొంతులో సంతోషం కంటే దిగ్భ్రమే ఎక్కువగా ఉంది.

గంగాదేవి కేకలు పెట్టలేదు. అవి చచ్చిన తీరు ఆవిడకి ఎక్కడో చూసినట్టుంది. పైకి తేలి, గుండ్రంగా గిర్రున తిరిగి, పక్కకి ఒరిగి, కళ్ళు తెల్లబడి చచ్చాయి. అలా ఏ నీళ్ళలో చస్తాయో ఆవిడకి తెలుసు. తల తిప్పి చూసింది. గుంపు వెనకాల ఆవిడ మొగుడు పెద్దిరాజు నిలబడి ఉన్నాడు. అందరూ జాడీల వంక చూస్తుంటే అతనొక్కడే బాన వంక చూస్తున్నాడు.

గంగాదేవి బాన దగ్గరికి నడిచింది. అంచున ఒకచోట పెచ్చు ఊడి ఉంది. లోపల నల్లటి చార. అది తిల్ల బాన.

మడ అడవిలో తిల్ల అని ఒక చెట్టుంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. ఆకూ బెరడూ దంచి బానలో నానబెట్టి, పాటుకి నీరు తీసిన మడుగుల్లో పోస్తే చేపా రొయ్యా మత్తెక్కి తేలతాయి, చేత్తో ఏరుకోవచ్చు. చిన్నాపెద్దా అన్నీ పోతాయి గనక ఊరి పెద్దలు ఎప్పుడో అది మానిపించారు. కట్టుబాటు అంటే కట్టుబాటే. కానీ కిందటి వానాకాలం వల ఖాళీగా వచ్చినప్పుడు పెద్దిరాజు గుట్టుగా ఆ పని చేశాడు. గంగాదేవి చూసీ చూడనట్టు ఊరుకుంది. బానని ఎంత కడిగినా మట్టి పీల్చుకున్నది మట్టిలోనే ఉంటుంది.

ఆవిడ ఆ అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఎవరికీ తెలియదు. నోరు తెరవకపోతే చాలు, శనివారం మిల్లు నోరు మూతపడుతుంది. పాయ బతుకుతుంది. మిల్లువాళ్ళు చంపడం అబద్ధమా? కాదే! మూడేళ్ళుగా కళ్ళారా చూస్తోంది. ఆ నిజానికి ఈ చిన్న అబద్ధం తోడైతే మాత్రం ఏం?

కానీ ఆవిడ కళ్ళ ముందు ఆ గాజుపలక మీది గుండె కొట్టుకుంటోంది. పది రోజులు తిండి పెట్టి, మీరు చెప్పండమ్మా అని అడిగి తీసుకొచ్చింది వాటిని. అవి చెప్పాయి, ప్రాణం పెట్టి చెప్పాయి. అవి చెప్పింది తిల్ల మాట అయితే, తను మిల్లు మాట అని మార్చి రాయించడమా? అంత దొడ్డ సాక్ష్యం ఇచ్చినవాటికి అంత ద్రోహమా? గంగాదేవికి ఏడుపొచ్చింది. బజార్లో చచ్చిన చేపని తాజా అని అమ్మడం వేరు, అది ఆవిడ ఎన్నోసార్లు చేసింది. ఇది చెయ్యలేకపోయింది.

"మేష్టారండీ, రాయమాకండి" అంది.

దరువు ఆగిపోయింది.

"ఇవి మిల్లు నీళ్ళకి చావలేదండీ. ఈ బాన మాది. ఇందులో తిల్ల నానబెట్టారు. మా అత్తకి తెలవదు, తెచ్చేసింది. నేను చూసుకోలా."

పెద్దిరాజు గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చాడు. పెళ్ళాన్ని కొడతాడేమో అనుకున్నారు. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నానబెట్టింది నేనండీ. మూడు మాట్లు చేశాను. ఆవిడది తప్పేం లేదు" అన్నాడు.

రావమ్మ గుండెలు బాదుకుంది. "మా నోట్లో మట్టి కొట్టావు కదే! గెల్చిన పందెం కాలదన్నుకుంటారంటే!" ఊరు ఊరంతా అదే మాట. కట్టుబాటు తప్పినందుకు పెద్దిరాజునీ, కడుపులో దాచుకోవాల్సిన మాట కక్కినందుకు గంగాదేవినీ కలిపి తిట్టారు.

సోమేశ్వరరావు రాసిన పేజీ చింపలేదు. దాని మీద అడ్డంగా గీత కొట్టి, "చెల్లదు. బానలో విషం ఉన్న సంగతి గంగాదేవి చెప్పింది" అని రాశాడు. గోవర్ధనరావు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"తొట్టిలో రొయ్యలు ఇంకా ఉన్నాయి కదమ్మా?" అన్నాడు సోమేశ్వరరావు.

"డెబ్భై ఆరున్నయ్యండి."

"రేపు తొమ్మిదింటికి మొదలుపెడితే శనివారం తొమ్మిదింటికి తొంభై ఆరు గంటలు. సరిగ్గా సరిపోతుంది."

"నీళ్ళు మళ్ళీ తెస్తాను" అన్నాడు గోవర్ధనరావు. కాస్త ఆగి, "మీలో ఎవరైనా నాతో రండి. మీ చేత్తో మీరే ముంచుకోండి. రేపు నేనేదో కలిపానన్న మాట రాకూడదు" అన్నాడు.

ఎవరూ కదలలేదు. చివరికి పెద్దిరాజు వెళ్ళి జీపు వెనకాల ఎక్కాడు. మర్నాడు పొద్దున్న మిల్లు తూము దగ్గర ముంచిన నీళ్ళతో తిరిగొచ్చాడు. ఈసారి బాన లేదు, డబ్బాల్లోంచి నేరుగా గాజు జాడీల్లోకే.

మంగళవారం ఒక్కటీ చావలేదు. బడి ముందు నుంచి పోయేవాళ్ళు వినబడేలా నిట్టూర్చారు. బుధవారం సాయంత్రానికి మొత్తం మిల్లు నీళ్ళ జాడీలో పదీ పోయాయి. గురువారం సగం మిల్లు నీళ్ళ జాడీలో పదీ చచ్చాయి. శుక్రవారానికి పావు జాడీలో ఆరు చచ్చాయి. పదో వంతు జాడీలో మాత్రం పదికి పదీ బతికే ఉన్నాయి. ఊరికి కావలసింది ఆ జాడీ. గంగాదేవి దాని ముందు మఠం వేసుకుని కూచుంది. చావమని కోరుకోవాలో, బతకమని కోరుకోవాలో ఆవిడకి తెలియలేదు. రెండూ కోరుకుంది.

గురువారం అమావాస్య. శుక్రవారం పొద్దున ఆవిడ మంచినీళ్ళ జాడీ వైపు చూసినప్పుడు ఒక రొయ్య పక్కకి ఒరిగి ఉంది. అది చచ్చిపోతోందనుకుంది. చూస్తుండగానే దాని మెడ దగ్గర పెంకు చీలింది. రొయ్య ఒక్కసారి విల్లులా వంగి, విదిలించుకుని, తనలోంచి తనే బయటికి వచ్చేసింది. జాడీలో ఇప్పుడు రెండున్నాయి. ఒకటి మెత్తగా, మెరుస్తూ, అంతకుముందు కంటే కొంచెం పెద్దగా ఉంది. రెండోది ఉత్త గుల్ల. మీసాలు, కాళ్ళు, కంటి మీది పొరతో సహా ఒక్క వెంట్రుక తక్కువ కాకుండా ఖాళీ రొయ్య.

అమావాస్యకీ పున్నమికీ రొయ్య గుల్ల విడుస్తుందని పాయదిబ్బలో పసిపిల్లలకి కూడా తెలుసు. వలలో మెత్తటి రొయ్య పడడం ఆవిడ ఎన్నోసార్లు చూసిందే. ఆ పని జరగడం మాత్రం ఇప్పుడే చూసింది. అంత ఇరుకులోంచి, మీసం చివరైనా తెగకుండా! పెరగడమంటే ఇంత పనా? "మేష్టారండీ! అత్తా! రండి, రండి!" అని కేకపెట్టింది. నాలుగు రోజులుగా మాట్లాడని రావమ్మ కూడా వచ్చి, ఏమీ కనబడకపోయినా జాడీ మీద చెయ్యి వేసింది.

ఆ రోజంతా గంగాదేవి రెండే రెండు జాడీలు చూసింది, మంచినీళ్ళదీ పదో వంతుదీ. తిండి కూడా అక్కడికే తెప్పించుకుంది.

శనివారం తొమ్మిది గంటలకి సోమేశ్వరరావు గడియారం చూసుకుని లెక్క చదివాడు. మంచినీళ్ళలో పదీ బతికాయి. పదో వంతులో పదీ బతికాయి. గోవర్ధనరావు భుజాలు తేలికపడడం అందరూ చూశారు. గుమ్మం బయట ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అయిపోలేదండీ" అంది గంగాదేవి. "మంచి జాడీలో నిన్నట్నుంచి ఏడు గుల్ల విడిచినయ్యి. గుల్లలు ఏరి ఈ మూకుట్లో పెట్టా, లెక్క చూసుకోండి. పదో వంతు జాడీలో ఒక్కటీ విడవలా. నాలుగు మొదలుపెట్టినయ్యి. పెంకు చీలింది, బయటికి రాలేకపోతన్నయ్యి. ఈడొకటే, పోటొకటే, అమావాస్యొకటే. మరి ఇయ్యెందుకు రావండీ?"

సోమేశ్వరరావు జాడీ మీదికి వంగి, చాలాసేపు చూసి, నుదురు పట్టుకున్నాడు. "నాకు తట్టనే లేదమ్మా. పుస్తకంలో రెండే గడులు. బతికినవి, చచ్చినవి. ఇవి బతికే ఉన్నాయి. బతికినవాటిలోనే రాయాలి."

గోవర్ధనరావు నోరు విప్పితే కథ అక్కడితో అయిపోయేది. గంటలు నిండాయి, రొయ్యలు బతికాయి, పద్ధతి ప్రకారం మిల్లు నెగ్గింది. అతను లేచి, వాటిలో ఒకదాన్ని గాజుపలక మీదికి తీయించి, మైక్రోస్కోపు మీదికి వంగాడు. చీలిన పెంకులో ఇరుక్కున్న రొయ్య విదిలించుకుంటోంది, ఆగుతోంది, మళ్ళీ విదిలించుకుంటోంది. అతను తల ఎత్తేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఈ ఏడు గుల్లలూ మంచి జాడీలోవేనని ఒట్టి మాట మీద నేను నమ్మాలి" అన్నాడు.

"నమ్మక్కర్లేదండీ. నా మాటేగా."

"సోమవారం మీరు నోరు మూసుకుని ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి. ఆ మాట మీరే చెప్పారు. ఈ మాట నమ్మకపోతే నేను మనిషినే కాను." అతను సోమేశ్వరరావు చేతిలోంచి పుస్తకం తీసుకుని, రెండు గడుల పక్కన మూడో గీత గీశాడు. "దీనికేం పేరు పెడదామండీ?" అని గంగాదేవిని అడిగాడు.

ఆవిడ ఆలోచించింది. "పెరగనియ్యి" అంది.

'పెరగనివి' అని రాసి, కింద నాలుగు, ఆరు కలిపి పది అని వేశాడు. గంగాదేవి చేత వేలిముద్ర వేయించి, దాని కింద తను సంతకం పెట్టాడు. మిల్లులో తన ఉద్యోగం ఏమవుతుందో అతనికి తెలియనిది కాదు. సంతకం మాత్రం తేటగా, పూర్తి పేరుతో పెట్టాడు.

మధ్యాహ్నం మూడు గంటలకి బందరు ఆఫీసులో ఆర్డీవో గారు ఆ కాగితం పైనుంచి కిందికి చదివి, మూడో గడి దగ్గర ఆగిపోయారు.

"పెరగనివి అంటే ఏమిటి? బతికి ఉన్నట్టా, చచ్చినట్టా?"

సోమేశ్వరరావు చెప్పబోయాడు. ఆర్డీవో గారు చెయ్యెత్తి ఆపి, గుమ్మం దగ్గర నిలబడ్డ గంగాదేవి వైపు చూశారు. బజార్లో పదిమంది గొంతు నొక్కే ఆ మనిషి రెండడుగులు ముందుకొచ్చింది. మెల్లిగా, రొయ్య పిల్లలు బెదరకుండా మాట్లాడడం అలవాటైన ఆ గొంతుతోనే చెప్పింది.

"బతికే ఉన్నయ్యి బాబుగారూ. తిరుగుతన్నయ్యి, తింటన్నయ్యి. ఉన్న పెంకులోనే ఉండి, ఊపిరాడక పోతయ్యి. ఇయ్యాళ ఆ గడిలో రొయ్యల్ని రాశారు. ఇంకో బాయిలరు పెడితే వచ్చే ఏటికి అందులో మమ్మల్ని రాసుకోవచ్చండి."

ఆర్డీవో గారు మిల్లు దరఖాస్తు దగ్గరికి లాక్కుని, ఇంకో బాయిలరుకి అనుమతి లేదని, ఉన్న నీళ్ళనైనా చెరువులు తవ్వి తేర్చి శుభ్రం చేశాకే వదలాలని రాయడం మొదలుపెట్టారు.